మంగళవారం సముద్రం

నిన్న బ్యాంకు పని మీద బస్సెక్కి, కండక్టరు రాగానే ఆధార్ కార్డు చూపించి “రెండు” అన్నాను. ఆయన నా పక్కన ఖాళీ సీటు చూసి, “ఇంకొకరు యాడమ్మా?” అన్నాడు. పొరపాటని చెప్పి ఒకటే తీసుకున్నాను. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక నేను చేసిన ప్రయాణాలన్నీ మా వదినతోనే. ఆమె పోయి రెండు నెలలైంది. నా నోటికి ఆ సంగతి ఇంకా అలవాటు కాలేదు.

వదిన అంటే మా ఆయనకు అక్క. ఆయన కంటే ఎనిమిదేళ్ళు పెద్ద. పిల్లలు లేరు. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. మూడేళ్ళ కిందట ఆయన పోయినప్పుడు కర్మలకని చిత్తూరు నుంచి తిరుపతి వచ్చి, నేను ఒంటరిగా ఉండలేనని తానే తీర్మానించి, మా ఇంట్లోనే ఉండిపోయింది. నన్నెవరూ అడగలేదు. తిథి, వారం చూడనిదే ఆమె గోళ్ళు కూడా తీసుకునేది కాదు. నాకు పుస్తకాలెట్లాగో ఆమెకు పంచాంగం అట్లాగ. తేడా ఒకటే. నా పుస్తకాలు ఆమె జోలికి పోయేవి కావు, ఆమె పంచాంగం మాత్రం నన్ను వదిలేది కాదు. ఆ ఏడు స్వర్ణముఖిలో ఇసుక తప్ప నీళ్ళు లేవు. అందుకని మగవాళ్ళు మా ఆయన అస్థికలను కారులో తూపిలిపాళెం తీసుకువెళ్ళి సముద్రంలో కలిపారు. నేనూ వస్తానన్నాను. వదిన గడపకు అడ్డంగా నిలబడి, “ఆడోళ్ళు పోగూడదు మే” అంది. నేను ఆగిపోయాను. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, మరిచిపోనూ లేదు. ఒకే వంటింట్లో తిరుగుతూ ఉప్పు, చింతపండు, కరెంటు గురించి తప్ప వేరే మాట లేకుండా రెండేళ్ళ పైన గడిపాం.

పోయిన చలికాలంలో ఒకరోజు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా అడిగింది. “బస్సు ఊరికేనంట కదా. ఆ సముద్రం కాడికి పోయొస్తామా? వాణ్ణి కలిపిన నీళ్ళు ఒకతూరి ముట్టుకుంటే సాలు నాకు.” సరేనన్నాను. లోపల కోపం వచ్చిన మాట కూడా నిజం. నన్ను ఆపినావిడే ఇప్పుడు నన్ను తోడు రమ్మంటోంది. రోజు ఆమే పెట్టింది. తూర్పు ప్రయాణానికి సోమ, శనివారాలు శూల. బుధవారం నాకు కంటి డాక్టరు. గురువారం పొద్దున్నే వర్జ్యం. తర్జనభర్జనల తర్వాత మంగళవారం ఖాయమైంది.

బస్సులో ముప్పాతిక మంది ఆడవాళ్ళే. కండక్టరు వదిన ఆధార్ కార్డును, వదినను మార్చి మార్చి చూసి, “ఈ ఫొటోలో ఎవురవ్వా, మీ అత్తా?” అన్నాడు. “నేనే అబ్బా. ఆ పొద్దు జరం. నీ ఫొటో సూపీ, సూస్తాం” అంది. బస్సంతా నవ్వింది. ఆయన చూపించలేదు. శ్రీకాళహస్తిలో గోపురం కనబడినంతసేపూ చేతులు జోడించే ఉంది. నాయుడుపేటలో దిగి టీ తాగి, వాకాడు బస్సెక్కి, అక్కణ్ణించి ఆటోలో వెళ్ళాం. వరిపొలాలు దాటాక రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటలు మొదలయ్యాయి. అవేమిటని అడిగి, నేను చెప్పాక, “రొయ్యలకు ఇన్ని నీళ్ళా! మన స్వర్ణముఖికి లేవే” అని చాలాసేపు నొచ్చుకుంది.

సముద్రం కనబడగానే వదిన ఆగిపోయింది. ఏడుస్తోందేమో అనుకున్నాను.

“ఈ పొద్దు మంగళారం కదే!” అంది.

“అవును. నువ్వే కదా పెట్టినావు.”

“మంగళారం, శుక్రారం సముద్రాన్ని ముట్టగూడదు మే. శూల సూసినా, వర్జ్యం సూసినా, ఇది సూళ్ళేదు.”

పడవ నీడన వల బాగుచేసుకుంటున్న ఒకావిడ ఇదంతా విని, “ఏం పెద్దమ్మా, మంగళారమైతే కరస్తాదా? మేం రోజూ దిగతానే ఉండాం” అంది.

“మీ ఇల్లది, మీరు దిగొచ్చు. మేం సుట్టాలం” అంది వదిన.

పౌర్ణమికి మళ్ళీ వద్దామన్నాను. “మళ్ళీ యాడొస్తాం? ఈ మోకాళ్ళు ఇప్పుడే నన్ను తిడతా ఉండాయి” అని, తడి తగలనంత దూరంలో పొడి ఇసుక మీద కూలబడింది. క్యారియర్ విప్పి, ఆకుల్లో చిత్రాన్నం పెట్టుకుని తినసాగాం. అంత దూరం వచ్చి, నీళ్ళు ఎదురుగా ఉండి, చేయి చాచలేకుండా ఉంది. నాకు జాలేసింది. దానితో పాటే పాత మాటా బయటికి వచ్చింది. “ఆ పొద్దు నన్ను పోనిచ్చింటే ఏమైతా ఉండె వదినా?” అన్నాను.

ఆమె చేతిలోని ముద్ద తిరిగి ఆకులో పెట్టింది. “నువ్వు పోతే నేనూ పోతానని భయం మే. వాణ్ణి బూడిదగా సూసేదానికి నాకు సేతగాలా. నన్ను ఆపుకునేదానికే నీకు అడ్డం నిలబడినా.”

తినడమయ్యాక క్యారియర్ గిన్నెలు ఇసుకతో తోముతూ కూర్చున్నాను. కాసేపటికి చూస్తే వదిన నా పక్కన లేదు. నాలుగు బారలు ముందుంది. కూర్చున్నది కూర్చున్నట్టే, లేవకుండా, కొంచెం కొంచెంగా జరుగుతోంది. నేను చూడనట్టు మళ్ళీ గిన్నెలు తోమాను. ఒక అల మిగతావాటి కంటే పైకి వచ్చి ఆమె పాదాలు, కుచ్చిళ్ళు, ఇసుకలో ఆనించిన రెండు చేతులూ తడిపి వెనక్కి పోయింది. ఆమె కదల్లేదు.

“సూసినావు కదా మే. నేను ముట్టలా. వాడే వొచ్చినాడు” అంది.

ఆ తర్వాత ఏడ్చింది. మా ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె ఏడవడం నేను చూడలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. తర్వాతి అల ఇద్దరినీ తడిపింది.

తిరుగు బస్సులో నాయుడుపేట నుంచి తమ్ముడి చిన్నప్పటి సంగతులు మొదలుపెట్టింది. బడి ఎగ్గొట్టి మామిడితోపులో దాక్కోవడం, నిద్రలో నడవడం, నాకు ఏ ఒక్కటీ తెలియదు. ఇల్లు చేరాక కూడా ఆపలేదు. నేనూ ఆమెకు తెలియనివి చెప్పాను. మేమిద్దరం ఒకే ఇంట్లో మూడేళ్ళ దగ్గరగా ఉన్నాం. తలచుకోవడానికి నాకు దొరికేదంతా ఆ చివరి నెలల్లోదే. ముందరి కాలం కూడా మాదే, మేమే దాన్ని వాడుకోలేదు.