ఉమ తోమిన వెండి

ఇర్వింగ్‌లో ఎవరు గృహప్రవేశం చేసుకున్నా ఉమకి భోజనంతోపాటు ఇంకో పని కూడా తగులుతుంది. అతిథులు వెళ్ళాక, వచ్చిన కుంకుమభరిణెలూ దీపపు కుందులూ ఆవిడ ముందు పరుస్తారు. "ఉమగారూ, అసలు వెండేనా, పూతా?" అని గుసగుసగా అడుగుతారు. పొద్దున లక్ష్మీదేవి అంటూ కళ్ళకద్దుకున్న వస్తువే; సాయంత్రానికి దాని పుట్టుక మీద విచారణ. ఉమ చేత్తో బరువు చూస్తుంది, అంచుని గోటితో మీటుతుంది, చెప్పేస్తుంది. ఇంతవరకూ తప్పింది లేదు. తెనాలిలో వాళ్ళ నాన్నకి వెండి కొట్టు. బడి వదిలాక ఆ బల్ల వెనకే కూర్చుని పెరిగింది.

రాజీవ్‌ని పెళ్ళి చేసుకుని టెక్సస్ వచ్చాక చాలా ఏళ్ళు వీసా ఆవిడని ఉద్యోగం చెయ్యనివ్వలేదు. వర్క్ పర్మిట్ వచ్చీ రాగానే ప్యాటీ దగ్గర చేరింది. పెద్ద ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళ సామానుకి ధర కట్టి, ఆ ఇంట్లోనే అమ్మిపెట్టడం ప్యాటీ వ్యాపారం. ఉమని మొదట కౌంటర్ దగ్గర కూర్చోబెట్టింది. వెండి తెలుసని విన్నాక ఫోర్కులూ స్పూన్లూ చూడమంది.

ఉమ బుర్ర తిరగడం అప్పుడే మొదలైంది. బరువుగా ఉన్నాయి కదా అని పక్కకి తీసిపెట్టిన చెంచాలు పూతవని తేలింది. వెనకవైపు చిన్న అక్షరాలతో 'స్టెర్లింగ్' అని ముద్ర ఉన్న అసలు వెండివేమో చేతికి తేలిగ్గా తగిలాయి. కత్తులు మరీ దారుణం. పిడి వెండిదే, దాని కడుపులో మాత్రం సిమెంటు లాంటి ముద్ద.

"ఇది మోసం కాదా?" అని అడిగింది.

"అందరూ అలాగే చేసేవాళ్ళు" అంది ప్యాటీ, ఏమీ పట్టనట్టు.

తెనాలిలో అయితే ఆ పూట కొట్టు ముందు జనం పోగయ్యేవాళ్ళు. ఇక్కడ పెద్ద గరిటెని వదిలేసి, ఆయిస్టర్లనే సముద్రపు గుల్లలు తినే వేలెడంత ఫోర్కు కోసం మనుషులు పోటీ పడతారు. ఆ డిజైన్ దొరకదట. ఒక్కో డిజైన్‌కీ ఒక పేరు, సొంత మేనకోడళ్ళ గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటారు. మరి తూకం మాటేమిటి? ఉమకి అర్థం కాలేదు.

అలాంటి సమయంలో మిసెస్ వీలర్ అనే ముసలావిడ పెట్టె వచ్చింది. ఆవిడ పెద్ద ఇల్లు వదిలి చిన్న అపార్ట్‌మెంట్‌కి మారుతోంది.

"ఇది నువ్వే ఇంటికి తీసుకెళ్ళి చూడు" అంది ప్యాటీ. "ఆవిడ గురువారం వస్తుంది. నువ్వే మాట్లాడు. ఆవిడకి నీ మీద నమ్మకం కుదిరితే ఇకమీదట వెండంతా నీదే."

ఉమ కోరుకుంటున్నదీ అదే. మళ్ళీ కౌంటర్ వెనక్కి వెళ్ళకూడదు.

ఇంటికొచ్చి పెట్టె తెరిచింది. అన్నీ స్టెర్లింగే, కాడల మీద గులాబీలు. రేకుల సందుల్లో మాత్రం కారునలుపు. పై అపార్ట్‌మెంట్‌లో ఉండే వరంగల్ కృష్ణవేణి కరివేపాకు కోసం వచ్చి, తొంగి చూసింది.

"ఏంది ఉమక్కా, బొగ్గుల డబ్బా తెచ్చినవా?"

"బొగ్గులేంటే, మేలిమి వెండి."

"గిట్ల నల్లగుంటె ఎవలు కొంటరు? మా అత్తమ్మ చూస్తే ఇంట్లకే రానియ్యదు."

"నాకూ చేతులు దురద పెడుతున్నాయి అనుకో."

"మరింకేం? చింతపండు నానెయ్యి."

కొట్టుకి వచ్చిన వస్తువు తళతళలాడుతూ తిరిగి వెళ్ళాలన్నది నాన్న పద్ధతి. చింతపండు పులుసులో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌కి విభూతి అద్ది, ఇద్దరూ రేకు రేకునా తోమారు. పని పూర్తయ్యేసరికి టేబుల్ పెళ్ళిపందిరిలా మెరిసిపోయింది.

గురువారం ప్యాటీ మూత ఎత్తి, ఒక ఫోర్కుని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది.

"నీడలేవి?"

"నీడలా?"

"గులాబీల్లో నలుపు. చేసినవాళ్ళు కావాలనే పెట్టారు, పువ్వు లేచి కనబడాలని. దాన్ని ఎవరూ ముట్టుకోరు."

"అది మురికి కాదా?"

"కాదు."

"మరి మురికేది?"

"పైన ఉన్నది."

"రెండూ నల్లగానే ఉన్నాయి కదా!"

అంతలో మిసెస్ వీలర్ వచ్చింది. పెట్టెలోకి చూసి కళ్ళజోడు సవరించుకుంది. "ఇవి నావి కావు" అంది మెల్లగా. "మావి పాతవి. ఇవి కొత్తవి. మావి ఏం చేశారు?" ఆ ప్రశ్న వేసింది ప్యాటీని కాదు, ఉమని చూస్తూ. ప్యాటీ వెంటనే అడ్డుపడలేదు. ఆ కాస్త ఆలస్యం ఉమకి సూదిలా గుచ్చుకుంది.

ఇక ఇది ఉద్యోగం గొడవ కాదు, దొంగ అన్న మాట. తోమానని చెప్పింది. ముసలావిడ నమ్మలేదు. వెనక ముద్రలు చూపిద్దామంటే అలాంటివి దేశమంతా ఉంటాయి. తీసుకెళ్ళేముందు తూచింది లేదు. ఇంటిపేరు అక్షరాలైనా చెక్కించుకోని కుటుంబమాయె. తనకొచ్చిన విద్యంతా ఇది వెండే అని చెప్పగలదు గానీ, ఎవరి వెండో చెప్పలేదు.

ఏం చెయ్యాలో తోచక ఒక్కొక్కటే బయటికి తీసి పెట్టసాగింది. వడ్డించే పెద్ద చెంచా చేతికొచ్చింది. దాని కొన ఏటవాలుగా అరిగి ఉంది. గిన్నె అడుగు గీకే గరిటె ఒకవైపే అరుగుతుంది, ఎవరింట్లో అయినా ఎడమవైపే. ఇది కుడివైపు అరిగింది. ఉమ ముఖం చిట్లించింది. వడ్డన ఎడమచేత్తోనా!

"మిసెస్ వీలర్, మీ ఇంట్లో ఎడమచేత్తో వడ్డించేవాళ్ళు ఎవరైనా ఉండేవాళ్ళా?"

ముసలావిడ చెంచా తీసుకుని, అరిగిన చోట బొటనవేలితో రాసింది.

"మా అత్తగారు" అంది. "మొండి మనిషి. పాత్రలు గీకి గీకి పెట్టేది. ఆ చప్పుడు వింటే నాకు ఆకలి చచ్చిపోయేది."

తీయని జ్ఞాపకాల గురించి ప్యాటీ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే నాలుగు మాటలు ఇక్కడ పనికిరాలేదు.

"సరే, మావే" అంది మిసెస్ వీలర్. క్షమించమని అనలేదు. "కానీ నేను అమ్ముతానన్నది నల్లవాటిని. ఎలా ఉండేవో అలా చేసివ్వండి."

ఎలా అంటే, ప్యాటీ చెప్పిన ఉపాయం ఉడికించిన కోడిగుడ్లు. డబ్బాలో వెండితోపాటు పెట్టి మూసేస్తే నల్లబడుతుందట. గుడ్డు గుమ్మం తొక్కని ఇల్లు ఉమది. ఆదివారం రాజీవ్ ముక్కు మూసుకుని బాల్కనీలోకి పోయాడు. కృష్ణవేణి మాత్రం తమాషా చూడ్డానికి దిగి వచ్చింది.

"నలుపు తీసుడు, మళ్ళ పెట్టుడు. నీకిదేం పని అక్కా?"

"చింతపండు వెయ్యమన్న నోరు ఎవరిదే?"

ఫోన్ మోగింది, ప్యాటీ మెసేజ్. వెండి అమ్మేటప్పుడు చెంచాని గుర్తుపట్టిన మనిషే ఉండాలని మిసెస్ వీలర్ అడిగిందట. వచ్చేవారం ఇంకో పెట్టె వస్తోందట. కింద ఒక ముక్క: దేన్నీ తోమకు.

ఉమకి నవ్వొచ్చింది గానీ నిలవలేదు. డబ్బా మూత తీసి ఒక ఫోర్కుని గుడ్డతో తుడిచింది. పైన తెల్లగా, సందుల్లో గోధుమరంగుగా ఉంది. ఇంకోదాంట్లో అప్పుడే కాటుకలా చిక్కబడింది. మొదట్లో ఎంత నలుపుండేదో గుర్తు తెచ్చుకోబోతే చింతపండు పులుసే కళ్ళముందు కదిలింది.

"ఇది చాలంటావా?"

"నన్నడుగుతవేంది? నాకైతే అన్నీ తోమాల్సినట్టే కొడుతున్నయ్."

ఉమ రెండు ఫోర్కులూ కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. ఒకటి బాగుపడింది, ఇంకోటి పాడైంది. ఏది ఏదో తెలియలేదు. రెండూ డబ్బాలో పెట్టి, ఇంకో గుడ్డు కోసి వేసి, మూత బిగించింది.