పోస్టులో చూసిన సగం సినిమా

మేము కాపలా పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడు. డిసెంబరు నెల. ఉత్తరాది సరిహద్దు, నది వంపులో చదునైన నేల. ట్రక్కు దిగి చూస్తే కంచె ముప్పై అడుగుల దాకా కనిపించింది. ఆ తర్వాత అంతా తెల్లటి పొగమంచు.

కంచెకు అవతల కూడా మన పొలాలే. అసలు సరిహద్దు ఇంకా ముందుంది. రైతులు పొద్దున గేటు తెరిస్తే వెళ్ళి, సాయంత్రం ఐదులోపు తిరిగి రావాలి. వచ్చిపోయే ఆడవాళ్ళను తనిఖీ చేయడానికి, కంచె వెంట కాపలా కాయడానికి మా మహిళా సెక్షన్‌ను పంపారు.

రైఫిల్, టార్చి, ఉన్ని టోపీ, గ్లవ్స్ ఇచ్చారు. ట్రిగ్గర్ మీద పట్టు ఉండాలని కుడి గ్లవ్‌కు చూపుడు వేలు కత్తిరించి ఉంది. సెక్షన్ కమాండర్ చెప్పిన ఆర్డర్ చిన్నది. ఐదు దాటాక కంచె దగ్గర ఎవరు కదిలినా ఆగమని మూడుసార్లు అరవాలి. మూడోసారికీ జవాబు రాకపోతే కాల్చాలి.

మాకు ముందున్న వాళ్ళు ఒక టీవీ, ఒక పెన్‌డ్రైవ్ వదిలి వెళ్ళారు. అందులో ఒకే సినిమా. హిందీలోకి డబ్బింగ్ చేసిన పాత కుంగ్‌ఫూ సినిమా. సోలార్ బ్యాటరీతో టీవీ పన్నెండు నుంచి రెండు వరకే నడిచేది. ఒంటిగంటకు డ్యూటీ మారేది. నేను మొదటి సగం చూసి, బూట్లు తొడుక్కుని కంచె దగ్గరి కాపలా గుంతకు, మోర్చాకు నడిచేదాన్ని. పొద్దుటి డ్యూటీ అప్పగించి, పళ్ళెంలో అన్నం పెట్టించుకుని వచ్చే రేడియో ఆపరేటర్ రెండో సగం చూసేది. నడుమ పావుగంట సినిమా మా ఇద్దరికీ దక్కలేదు.

ఆపరేటర్‌ది ముప్కాల్. మాది ఆ దగ్గరి కమ్మర్‌పల్లి. అంత దూరంలో మా భాష మాట్లాడే మనిషి తనొక్కతే.

"ఏం సినిమానే గది? రోజూ వాకిలూడ్సుడు, నీళ్ళు మోసుడు, వానల ఒంటికాలు మీద నిలవడుడు. గురువు ఒక్క గుద్దన్న నేర్పడు," అన్నాను ఒకరోజు.

"నువ్వు సూసేది సినిమా కాదక్కా, ఇంటి పని," అంది. "నా సగంల సూడు, మస్తుంటది. పొగమంచుల ఇద్దరు ఎదురెదురు నిలవడ్డరు. ముందు కొట్టినోడే బతికిండు."

"గంత కష్టపడి ఊడ్సేది మావోడు, కొట్టేది మీవోడా?"

జనవరిలో ఒక సాయంత్రం. ఐదు దాటి ఇరవై నిమిషాలు. మంచు ఎంత దట్టంగా ఉందంటే రైఫిల్ కొన కూడా మసకగా ఉంది. కంచె అవతల అడుగుల చప్పుడు వినిపించింది.

"థమ్! కౌన్ ఆతా హై?"

చప్పుడు ఆగలేదు. రెండోసారి అరిచాను. జవాబు లేదు. మంచులో ఒక ఆకారం తేలింది. మనిషి తల కంటే రెండింతలున్న తల. రెండు చేతులూ పైకెత్తి ఏదో పట్టుకుని ఉన్నాయి. నా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది.

మూడో పిలుపు గొంతు దాకా వచ్చింది. పిలవలేదు. పిలిస్తే ఆ తర్వాత మిగిలేది ఒక్క పనే.

అడుగులు విన్నాను. చిన్నవి, గబగబా పడుతున్నాయి. నాలుగు పడి ఆగుతున్నాయి, మళ్ళీ నాలుగు. మక్కచొప్ప మోపు నెత్తిన పెట్టుకుని మా అమ్మ గట్టు మీద అలాగే నడుస్తుంది. దొంగచాటుగా వచ్చేవాడు వంగి వస్తాడు. నెత్తిన మోపున్న మనిషి వంగలేదు.

ఎడమ చేత్తో టార్చి వేశాను. ముసలామె. నెత్తిన పచ్చగడ్డి మోపు. రెండు చేతులూ మోపు మీదే ఉన్నాయి. జారిపోతున్న కొంగును పళ్ళతో కరిచి పట్టుకుంది. అందుకే నోరు తెరవలేదు.

అప్పుడు నా నడుముకున్న రేడియో గరగరలాడింది. సాయంత్రం మళ్ళీ డ్యూటీకెక్కిన ఆపరేటర్ రేడియో పద్ధతులన్నీ మరిచి తెలుగులో అరుస్తోంది.

"అక్కా! గేటు కాడ ఒక మనిషి తక్కువున్నదంట! ఆడామె! కాల్చకక్కా!"

"నా ముంగటనే ఉన్నది," అన్నాను.

కమాండర్ తాళం తెచ్చి గేటు తీసింది. ముసలామె మోపు దించి, తన భాషలో నన్ను చెడామడా తిట్టింది. అంతలో నా చేయి చూసింది. చూపుడు వేలు కొయ్యలా బిగుసుకుపోయింది. వంగడం లేదు. ఆమె దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, నోటితో ఊదుతూ, వెచ్చబడే దాకా రుద్దింది. చలికి అలా అయిందనుకుంది.

మరునాడు రాత్రి భోజనం దగ్గర ఆపరేటర్ అడిగింది. "ఎట్ల ఆగినవక్కా?"

"నా సగంల ఇంక కొట్టుడు మొదలు కాలే గదా."

ఆమె నవ్వలేదు. తన రొట్టె ఒకటి నా పళ్ళెంలో వేసింది.

మార్చిలో సెలవు మీద ఇంటికి వచ్చాను. బస్సు జక్రాన్‌పల్లి దాటగానే కిటికీలోంచి పసుపు ఉడికే వాసన వచ్చింది. తర్వాత పెళ్ళయి ఆర్మూర్ వచ్చాను. పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. ఎవరినైనా కాల్చావా అని బంధువులు అడుగుతారు. లేదంటే వాళ్ళ ముఖం చిన్నబోతుంది.

మొన్న ఆదివారం మా మామ టీవీలో అదే సినిమా పెట్టాడు.

"మేం పడుసోళ్ళమున్నప్పుడు పసుపమ్మి వచ్చి వీడియో సెంటర్ల సూసినం, బిడ్డా. ఎన్నిసార్లు సూసినమో లెక్క లేదు."

పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నేను ఎన్నడూ చూడని ఆ పావుగంట వచ్చింది. శిష్యుడు రెండు చేతులకూ కట్లతో ఒక్క పూటకు ఇంటికి వెళ్తాడు. ఏమైందని తల్లి అడగదు. అన్నం కలిపి నోట్లో పెడుతుంది. అతను తింటాడు. అంతే.

"తాతా, కొట్టుడు ఎప్పుడు?" అంది పాప.

"జర ఆగు. గప్పుడు గీ సీను రాంగనే మేమందరం బీడీలు తాగనీకి బయటికి పోతుంటిమి. గిప్పుడేమో గిదొక్కటి సూడనీకే పెడుతున్న," అన్నాడు మామ, తెర మీంచి చూపు తిప్పకుండా.

నాకు భయాలు ఎక్కువ. పాప దగ్గితే లేచి కూర్చుంటాను. స్కూలు వ్యాను ఆలస్యమైతే గేటు దగ్గరే నిలబడతాను. పాప నా కుడి చూపుడు వేలు పట్టుకునే నిద్రపోతుంది. ఇంకో వేలు ఇస్తే ఒప్పుకోదు. ఇప్పుడు మెల్లగా విడిపించుకుని వచ్చి ఇది రాస్తున్నాను. పాప పట్టుకున్న ప్రతిసారీ టార్చి వెలుగులో కొంగు కరిచి పట్టుకున్న ఆ పళ్ళు కనిపిస్తాయి. వేలు వెచ్చగానే ఉంటుంది. అయినా రెండో చేత్తో రుద్దుకుంటాను.