బుధుడికి కొట్టిన చీల

మా బావకు ఒక జబ్బు ఉంది. ఏది వంకరగా కనిపించినా సరిచేయకుండా ఉండలేడు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ మీది పటం వంక చూస్తాడు, తర్వాతే ఇంటివాళ్ళ వంక. గడియారాలు బాగుచేసి బతికిన మనిషి, ఏం చేస్తాడు పాపం. "నన్ను కూడా విప్పి, తుడిచి, మళ్ళీ బిగించేవాడేనే, స్క్రూలు ఎక్కడున్నాయో దొరక్క వదిలేశాడు" అంటుంది మా అక్క.

జనం గడియారాలు బాగుచేయించుకోవడం మానేశాక బావ కొట్టు మూసేసి, నేను పనిచేసే సైన్సు మ్యూజియంలోనే మరమ్మతుల పనిలో చేరాడు. అక్కడ పిల్లలకు వస్తువులు చూపించి వివరించడం నా పని. మధ్య గదిలో గ్రహాల బల్ల ఒకటి ఉంది. చుట్టూ నేల దాకా నల్లగుడ్డ వేలాడుతుంది. పైన ఇత్తడి సూర్యుడు, గాడుల్లో గ్రహాలు. పక్కనున్న పిడి తిప్పితే అన్నీ కదులుతాయి. దాన్ని తయారుచేసింది పెద్దమేస్త్రీ. బావకు పనిముట్టు పట్టడం నేర్పిన గురువు ఆయనే. చాలాకాలం కిందటే వేరే ఊరు వెళ్ళిపోయారు. బావ రోజూ ఆ బల్లను తన చేత్తోనే తుడిచేవాడు, ఆయాను ముట్టుకోనిచ్చేవాడు కాదు.

అలా తుడుస్తుండగానే ఒక లోపం కనిపెట్టాడు. సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా తిరిగే బుధుడి గాడి కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. సూర్యుడు దానికి సరిగ్గా నడుమ కాకుండా ఒక కొసకు దగ్గరగా ఉంటాడు. ఆ దగ్గరి కొసన బావ సుద్దముక్కతో బల్ల మీద ఒక గీత పెట్టి పిడి తిప్పాడు. కాసేపయ్యాక చూస్తే ఆ కొస గీత దగ్గర లేదు, పక్కకు జరిగింది. ఇంకా తిప్పితే ఇంకా జరిగింది. గాడి ఉన్న పలకే నెమ్మదిగా తిరిగిపోతోంది.

"మేస్త్రీగారి పనిలో ఇంత వదులా? ఛ! ఎవడో తర్వాత కెలికాడు" అన్నాడు బావ. పన్నెండు దగ్గర బయలుదేరిన ముల్లు పన్నెండు దగ్గరికే రావాలి, రాకపోతే అది గడియారమే కాదు. ఆయనకు తెలిసిన లోకం అంతే. కిందికి దూరి చూస్తే పలకను నెడుతూ ఒక చిన్న పళ్ళచక్రం కనిపించింది. దాని పళ్ళు ఆకురాయితో అరగదీశాడు. పలక కదలకుండా ఒక ఇనుపచీల కొట్టాడు. మా మేనేజరు అందరిముందూ మెచ్చుకున్నాడు. "గురువుగారి పరువు నిలబెట్టాను" అని బావ చాలారోజులు ఛాతీ విరుచుకుని తిరిగాడు. నేనూ నమ్మాను, నాకు మాత్రం ఏం తెలుసు.

తర్వాత ఒకరోజు పెద్దమేస్త్రీ మా మ్యూజియానికి వచ్చి, బడిపిల్లలకు బుధుడి దారి గురించి చెబుతారని కబురు వచ్చింది. ఆయన పక్కన నిలబడి పిడి తిప్పాల్సింది నేను. తెల్లమొహం వేయడం ఎందుకని ఆ సంగతేదో చదువుకుని, ఆయన వచ్చే రోజు మధ్యాహ్నం మ్యూజియంలో భోజనాల దగ్గర బావకు అప్పజెప్పాను.

"బుధుడు కోలగా తిరుగుతాడు కదా బావా. కానీ ఆ కోల ఒకచోట నిలవదట. మిగతా గ్రహాలు అటూ ఇటూ కాస్త కాస్త లాగడం వల్ల అది కూడా మెల్లగా తిరుగుతుందట. అన్ని చుట్లూ గీస్తే పువ్వు రేకుల్లా వస్తుందట."

"లాగడం వల్లేనా?"

"చాలావరకు అంతే. లెక్కలో చిన్న తేడా మిగిలిపోయిందట, పెద్దపెద్దవాళ్ళే తలలు పట్టుకున్నారట. సూర్యుడికి అంత దగ్గరగా ఆ బరువుకు చుట్టూ ఉన్న చోటే కాస్త వంగుతుందని కనిపెట్టాక లెక్క సరిపోయిందట. అయినా ఎంతని? వందేళ్ళకు చందమామ వెడల్పులో మూడోవంతు కూడా జరగదు. మన కంటికి కనపడాలనే మేస్త్రీగారు చిన్న చక్రం పెట్టి..."

అక్కడ ఆగిపోయాను. బావ మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. చేతిలోని ముద్ద పళ్ళెంలో పడేశాడు.

"ఆయన రాగానే చెప్పెయ్ బావా. ఆయనేం కొరుక్కు తినరు."

"ఏ మొహం పెట్టుకుని చెప్పనే? ఆయన చేసినదాన్ని నేను దిద్దానని చెప్పనా? ఊరంతా చాటింపు వేసుకున్నానే!"

బయట బడిపిల్లల బస్సు ఆగిన చప్పుడైంది. బావ మధ్య గదికి పరిగెత్తి, పటకారుతో చీల పీకేసి, నల్లగుడ్డ ఎత్తి బల్ల కింద దూరాడు. పలకను చేత్తో తిప్పుతాడట! "ఎటు తిప్పాలో చూపించు" అన్నాడు. బల్ల పైన నా వేలు గుండ్రంగా తిప్పి ఇటు అని చూపించాను. చూసి తల లోపలికి లాక్కున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పెద్దమేస్త్రీ కర్ర ఊతంతో వచ్చారు. రాగానే "మావాడేడి?" అని అడిగారు. పనిమీద ఉన్నాడన్నాను. అది అబద్ధం కూడా కాదు.

ఆయన చక్కగా చెప్పారు. నేను పిడి తిప్పాను. బుధుడు చుట్లు తిరుగుతున్నాడు, కోలగాడి కొస మెల్లగా జరుగుతోంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అంతలో ఆయన ఆగి, వంగి, కళ్ళజోడు సర్దుకుని చూశారు. అప్పుడు నాకూ కనిపించింది. బుధుడు ఒకవైపు పోతుంటే గాడి రెండోవైపు జరుగుతోంది.

గడియారాన్ని వెనకనుంచి చూస్తే ముళ్ళు ఎదురు తిరుగుతాయి. బతుకంతా గడియారాల్లో గడిపిన మనిషి, కంగారులో ఆ మాట మరిచాడు.

"పిల్లలూ, ఇది తప్పు" అన్నారు పెద్దమేస్త్రీ. "గ్రహం ఎటు పోతుందో దాని దారి కూడా అటే జరగాలి. ఇది వెనక్కి పోతోంది. చేసింది నేను కాబట్టి తప్పు నాదే. వయసు మీదపడింది, ఎక్కడో పొరబడ్డాను. మీ పుస్తకాల్లో మాత్రం సరిగ్గా రాసుకోండి."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. వాళ్ళ టీచరు పోనీలెండన్నట్టు జాలిగా చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బల్ల మీద పలక ఆగిపోయింది. ఇప్పుడు వస్తాడు, ఇప్పుడు వస్తాడు అని నల్లగుడ్డ వంకే చూస్తూ నిలబడ్డాను. రాలేదు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా లోపలే ఉండిపోయాడు.

పిల్లలు వెళ్ళిపోయాక పెద్దమేస్త్రీ కర్రతో గుడ్డ పక్కకు తప్పించారు. బావ మోకాళ్ళు ముడుచుకుని, మసి చేతులతో కూర్చుని ఉన్నాడు. ఆయన బావను చూశారు, పళ్ళు అరిగిన చక్రాన్ని చూశారు. బావ తల ఎత్తలేదు. ఆయన కర్రను బల్లకు ఆనించి, లేవడానికి చెయ్యి అందించారు. దాన్ని పట్టుకుని లేవాల్సివచ్చింది బావకు.

కొత్త చక్రం తయారైంది. చూడ్డానికి రమ్మని మేస్త్రీగారికి కబురుపెట్టాం, ప్రయాణం చేసే ఓపిక లేదన్నారు. ఇప్పుడు బుధుడి గురించి నన్ను చెప్పనివ్వడు బావ, తనే చెబుతాడు. దారి ఎందుకు జరుగుతుందో, ఎటు జరుగుతుందో చెప్పి, చివర్లో ప్రతిసారీ "దీన్ని పాడుచేసింది నేను, మాట పడింది మా మేస్త్రీగారు" అంటాడు. ఇంక చాల్లే బావా అంటే వినడు.

మొన్న ఒక అమ్మాయి అడిగింది.

"మరి ఆయన మిమ్మల్ని తిట్టలేదా తాతా?"

"లేదమ్మా" అన్నాడు బావ. "తిట్టుంటే ఆ రోజుతో పోయేది."