అమ్మ పటానికి పైన ఎవరు?

మా తమ్ముడి కోడలు వియత్నాం దేశస్థురాలు. దుబాయిలో ఒకే హోటల్లో పనిచేస్తూ మావాడూ ఆమే పెళ్లి చేసుకున్నారు. మావాడు ఇంకా దుబాయిలోనే ఉన్నాడు, తమ్ముడూ మరదలూ కాలం చేశారు గనుక, ఆమె కొత్తపేటలో మా ఇంట్లోనే ఉంటూ మా మాటతీరే నేర్చుకుంది. 2024 వేసవిలో ఆమె తల్లి పోయింది. గర్భవతి కావడంతో ఆఖరి చూపుకు వెళ్లలేకపోయింది.

ఆ ఆగస్టులో వాళ్లకు పౌర్ణమి 18వ తేదీ. మన పంచాంగంలో 19. పోయిన పెద్దలకు ఆ రోజు ధూపం వేసి నైవేద్యం పెట్టాలట. తల్లి పటం పట్టుకుని మా దేవుడి గది గుమ్మంలో నిలబడింది.

"పోయినవాళ్ల పటం దేవుడి గదిలో పెట్టరమ్మా," అంది మా ఆవిడ.

"మాకూ దేవుడి పక్కన పెట్టరండీ పెద్దత్తయ్యగారూ. పైన బుద్ధుడు, కింద అమ్మ. పైన ఎవరూ లేకపోతే అమ్మ ఒక్కతే అయిపోద్ది."

ఇద్దరూ నావైపు చూశారు. నేను చరిత్ర బోధించి రిటైరైనవాణ్ణి. తెలిసినంత చెప్పాను. క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో బౌద్ధం కొంత మన వర్తకుల ఓడల్లో, కొంత చైనా మీదుగా అక్కడికి చేరింది. పదకొండో శతాబ్దం నుంచి రాజులు పోషించారు. మేఘం, వాన, ఉరుము, మెరుపు అనే నలుగురు దేవతలను ఉత్తర వియత్నాంలోని ఎర్రనది ఒడ్డు రైతులు బుద్ధులుగా గుళ్లలో నిలిపారు. ఏ సంవత్సరమో నాకు ఆధారం దొరకలేదు. పెద్దల పూజ అంతకన్నా పాతది. ఈ రెండూ ఒకే గోడమీదికి ఎప్పుడు చేరాయో చెప్పలేను.

"అంటే పెట్టొచ్చాండీ, వద్దా?" అంది అమ్మాయి.

 

మా ఆవిడ హాల్లోని వాడపల్లి వెంకన్న పటం వైపు చూసింది. "బుద్ధుడు దశావతారాల్లో ఒకడేగా? ఈయన కింద పెట్టుకో తల్లీ."

"ఆ చేర్పు తర్వాతి కాలానిది. ఏ శతాబ్దమో పండితులు ఇంకా తేల్చలేదు," అన్నాను.

"ఆయ్, వాళ్లు తేల్చేలోపు పౌర్ణమి వెళ్లిపోద్ది. సుత్తి ఎక్కడ పెట్టేరండీ?"

అమ్మాయి ఫక్కున నవ్వింది. తల్లి పోయాక ఆమె నవ్వు వినడం అదే మొదలు.

మేకు నేనే కొట్టాను. రెండుచోట్ల గోడ పెచ్చులూడింది. పటం తగిలించి, అమ్మాయి అగరొత్తులు వెలిగించి, అన్నమూ చక్కెరకేళీ పెట్టింది. తర్వాత తమ భాషలో తల్లితో చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒకసారి అరచేయి పైకెత్తి వెంకన్నను చూపించింది.

ఏం చెబుతున్నావని అడిగాను.

"ఈయనెవరో అమ్మకి తెలీదు కదండీ. చెప్తన్నాను."