దుంకు బిడ్డా

మాది గార్ల. జనగామ దగ్గరి గుర్రాల ఫారంలో స్వారీ నేర్చుకున్నాను. దూకమని చెప్పడానికి నా గుర్రం చందుకు నేర్పిన మాట ఒక్కటే, ‘దుంకు’. అది వినపడితే ముందేమున్నా ఎగిరేస్తుంది.

పోయిన చలికాలం ఈవెంటింగ్ పోటీలకని నేనూ చందూ బెంగళూరు వెళ్లాం. గుర్రంతో దుంగలు, నీటిగుంటలు దాటించే పెద్ద పోటీ అది. అందరి వెంటా కోచ్‌లు, సహాయకులు, అమ్మానాన్నలు. చందుకు మేత, మాలిష్, జూలు అల్లడం అన్నీ నేనొక్కదాన్నే. అక్కడున్నన్నాళ్లూ నేను తెలుగులో మాట్లాడింది చందుతోనే.

పోటీకి ముందురోజు సాధనలో చందు నీటిగుంట ముందు ఆగిపోయింది. కిందికి దిగి నడిపిద్దామని ఒక కాలు రికాబులోంచి తీశాను. కంచె అవతల ఊడుస్తున్న ముసలామె, దిగడానికి జంకుతున్నాననుకుని ధైర్యం చెప్పింది.

“దుంకు బిడ్డా, ఏం గాదు.”

ఆమె అన్నది నాతో. విన్నది చందు. అది ఎగిరింది, నేను బురదనీళ్లలో పడ్డాను. అందరూ నవ్వారు. ఆమె మాత్రం ఉరికొచ్చి కొంగుతో నా ముఖం తుడిచింది.

“నా నోరు పడిపోను. దెబ్బ తాకిందా? ఏ ఊరు బిడ్డా మీది?”

“గార్ల, అవ్వా. ‘దుంకు’ అంటే చాలు, ఇది ఎగిరేస్తది.”

“మాది టేకుమట్ల. కొడుకు గీడ మేస్త్రీ పని చేస్తడు.”

అక్కడ నా ఊరు అడిగిన మొదటి మనిషి ఆమే. దెబ్బేమీ తగలకపోయినా ఏడుపొచ్చింది.

మర్నాడు పోటీలో నీటిగుంట దగ్గరికి వస్తూ కంచె వైపు చూశాను. నా కోసం వచ్చిన ఒకే ఒక్క మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.