వెంటిలేటర్‌లో కుక్కిన చొక్కా

నా చిన్నప్పుడు మా ఇంట్లో చలికాలం వచ్చిందంటే ఎండిన గోడంటూ ఉండేది కాదు. మా బాపు గోదావరిఖనిలో బొగ్గు గనిలో, మా మాటలో బొగ్గు బాయిలో, పనిచేసేవాడు. మేముండే రెండు గదుల క్వార్టర్ వరుసలో చిట్టచివరిది, పల్లంలో ఉండేది. వాన పడితే నీళ్లన్నీ మా గోడ పక్క నుంచే పోయేవి. గోడకు చెయ్యి ఆనిస్తే సున్నం తడిగా అంటుకునేది, ట్రంకుపెట్టె తెరిస్తే బూజు వాసన కొట్టేది. తుడవడం, ఆరబెట్టడం, మళ్లీ తుడవడం, మా అమ్మకు పొద్దంతా ఇదే పని. శుభ్రం విషయంలో నాకున్న పట్టింపు ఆమె నుంచి వచ్చిందే. మా కోడళ్లు దాన్ని చాదస్తం అంటారు, అననీ.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక చలికాలంలో మా చెల్లెలు పుట్టింది. పుట్టిన వారానికి ముసురు పట్టుకుంది. ఎండ మొహం చూసి నాలుగు రోజులైంది. పసిదాని గుడ్డలు ఒక్కటీ ఆరవు. పురుడు పోయడానికి ఊరి నుంచి వచ్చిన మా నాయనమ్మ ఇంటి పెత్తనమంతా తన చేతిలోకి తీసుకుంది. బాలింత గది వెచ్చగా ఉండాలి, పొడిగా ఉండాలి, చల్లగాలి సోకకూడదు అన్నది ఆమె మాట. వాళ్ల ఊళ్లో మంచం కింద కట్టె నిప్పులు పెట్టేవారట. ఆ గుడిసెల కప్పుకు ఎన్ని సందులో! మాకు కట్టెలెక్కడివి? బాయి మనుషుల ఇళ్లలో దొరికేది రాక్షసి బొగ్గే. దాన్నే ఇనుప కుంపటిలో వేసి వాకిట్లో రాజేసి, నల్ల పొగ పోయి ఎర్రగా కాగానే లోపలికి తెచ్చి మంచం పక్కన పెట్టేది. పొగ కనిపించకపోతే ఇక ఏ భయమూ లేదని ఆమె నమ్మకం. మాదీ అదే నమ్మకం.

గాలి రాకుండా చేసే పని నాకు అప్పగించింది. తలుపు కింద గోనెసంచి మడిచి పెట్టాను. కిటికీ సందుల్లో పాత చీర పీలికలు దూర్చాను. పీట మీద స్టూలు వేసుకుని ఎక్కి, పైనున్న వెంటిలేటర్‌లో బాపు పాత డ్యూటీ చొక్కా ఉండచుట్టి కుక్కాను. నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టి చూసి, "మా పిల్ల మస్తు హుషారు" అంది. ఇక నా కాలు నేల మీద నిలిస్తే ఒట్టు.

కుంపటి పైన కట్టిన తాడు మీద గుడ్డలు ఆరాయి, నిజమే. కానీ వాటిలోని తడి ఎక్కడికి పోతుంది? అంతా గోడలకే పట్టింది. మర్నాటికి గోడలు చెమటలు కారుతున్నాయి. నాయనమ్మ ఇంకొన్ని బొగ్గులు వేసింది. అమ్మ తలనొప్పి అంటే బాలింత నీరసం అంది. చెల్లెలు ఏడుపు మానేసి ఒకటే నిద్ర. ఇంత బుద్ధిమంతురాలైన పిల్లను తన జన్మలో చూడలేదని నాయనమ్మ మురిసిపోయింది.

మూడోరోజు సాయంత్రం ఆ గదిలో గుడ్డలు మడతపెడుతుంటే నాకూ తల పగిలిపోయేలా నొప్పి వచ్చింది. బయటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాను. బాపు రెండో షిఫ్టుకు వెళ్లాడు. పక్క క్వార్టర్ కాక అప్పుడే మొదటి షిఫ్టు దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆయన మాకు చుట్టం కాదు, ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని చర్చికి పోయే మనిషి. ఎన్నో ఏళ్లుగా బాయి లోపల గాలి నడిచే దారుల్లో, దాన్ని మళ్లించే పరదాలు కట్టే పని ఆయనది. ఏమైందని అడిగితే తలనొప్పి అని చెప్పాను. అమ్మకు కూడా నొప్పే అన్నాను. చెల్లె మాత్రం హాయిగా ఉంది, పాలకు కూడా లేవడం లేదు అన్నాను.

ఆయన చేతిలోని చెంబు కింద పెట్టేశాడు.

పెద్దగా అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. మా గడప దగ్గరకు వచ్చి మెల్లగా పిలిచాడు. "అవ్వా, బిడ్డ పుట్టి పన్నెండు రోజులాయె. పక్కింటోన్ని, నాకు ఒక్కపారన్న సూపియ్యకపోతిరి. జర బయటికి తెండ్రి, సూసి ఇచ్చేస్త."

పరాయి మగవాడు బాలింత గదిలోకి రాడు. అట్లాగని ఆశగా అడిగిన మనిషికి పసిదాన్ని చూపించకుండా ఉండటం మర్యాద కాదు. నాయనమ్మ గొణుక్కుంటూనే చెల్లెను తెచ్చి ఇచ్చింది. ఆయన తన గొంగడిలో చుట్టి, అరుగు మీద గాలి ఆడే చోట నిలబడ్డాడు. ఊళ్లో వరి కోతలయ్యాయా అని నాయనమ్మను అడుగుతున్నాడు. ఆయన బొటనవేలు మాత్రం పసిదాని అరికాలును రుద్దుతూనే ఉంది. చెల్లె తల పక్కకు వాలిపోయి ఉంది. నాకు అప్పుడు భయం వేసింది.

ఎంతసేపో గుర్తు లేదు. చెల్లె చిన్నగా మూలిగింది, తర్వాత గుక్కపెట్టి ఏడ్చింది. కాక కళ్లు మూసుకుని పెదవులు కదిపాడు. "ఆకలైతుంది అవ్వా. వదినెను గిటు రమ్మనుండ్రి" అన్నాడు. అమ్మ గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి గడపలో తూలింది. నాయనమ్మ చప్పున పట్టుకుంది. అమ్మను అరుగు మీద కూర్చోబెట్టి, లోపలి కుంపటి వైపు తిరిగి చూసింది. ఇక ఎవరూ చెప్పకుండానే పట్టకారుతో కుంపటిని వాకిట్లోకి లాగింది.

తలుపు కాసేపు తెరిచి ఉంచాక, కాక నా చేతికి వెలిగించిన ఊదుబత్తి ఇచ్చి, తలుపు వేసి గది మధ్యలో నిలబడమన్నాడు. నాయనమ్మ నా పక్కనే ఉంది. పొగ పైకి లేచి అక్కడే వేలాడింది. ఆయన బయటి నుంచి చెప్పినట్టే తలుపు కింది గోనె లాగి, స్టూలెక్కి చొక్కా పీకేశాను. పొగ వంగి, వెంటిలేటర్ వైపు నడిచి, బయటికి పోయింది. నాయనమ్మ దాన్ని నోరు తెరిచి చూసింది.

"బాయిల గాలి వచ్చే తొవ్వ ఒకటుంటది, పోయే తొవ్వ ఒకటుంటది" అన్నాడు కాక. "రెండిట్ల ఏది మూసినా బొగ్గు ఇషపు గాలి కండ్లకు కనబడకుంటనే నిండుతది, మనిషి బయటికి రాడు. ఇల్లు గూడ గంతే."

ఆ మాట నాకు చెప్పాడు, నాయనమ్మకు కాదు. ఆమె వినేంత గట్టిగా చెప్పాడు, అంతే. చలిగాలి మంచానికి తగలకుండా, బాయిలో కట్టినట్టే, ఒక గోనెపట్టా అడ్డంగా కట్టించాడు. కుంపటికి బదులు వేడి ఇటుకను గుడ్డలో చుట్టి అమ్మ కాళ్ల దగ్గర పెట్టారు. రెండు రోజుల్లో గోడల చెమట తగ్గింది, వారానికి సున్నం చేతికి అంటుకోవడం మానింది.

నేను మాత్రం ఆ సాయంత్రం నల్లా దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ చొక్కా కుక్కింది నేనే కదా. కాక వచ్చి పక్కన నిలబడ్డాడు. "కుక్కింది నువ్వే, తీసింది నువ్వే. ఇగ ఏడ్వకు" అని నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఈ సంగతి మా బాపుకు కూడా ఆయన చెప్పలేదని చాలా ఏళ్లకు తెలిసింది.

కాక గడపలోనే నాయనమ్మను తప్పుబట్టి ఉంటే ఆమె తలుపుకు అడ్డం నిలబడి పోట్లాడేది. ఆ పోట్లాట ముగిసేదాకా చెల్లె లోపలే ఉండేది. ఈ ముక్క నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు. ఇప్పుడు ఎవరింట్లో పురుడన్నా నన్ను పిలుస్తారు. వెళ్లగానే బిడ్డ ముఖం చూడకుండా వెంటిలేటర్ కోసం గోడల పైకి చూస్తానని, నాకు ముద్దూ మురిపెం లేవని అనుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు పాఠాలు చెప్పను, ఎవరినీ తప్పుబట్టను. "ఒక్కపారి నాకియ్యుండ్రి" అని చేతులు చాచి, బిడ్డను తీసుకుని గాలి ఆడే చోటికి నడుస్తాను. అరికాలు మీద బొటనవేలితో రుద్ది, ఏడ్చేదాకా ఆగుతాను.