రేకు పెట్టె మీద పియానో

పాతికేళ్ళుగా మా చర్చి సంఘంలో నేను చెబుతున్న సాక్ష్యంలో ఒక అబద్ధం ఉంది. నా కుర్రతనంలో బెజవాడ స్టేషన్ వెయిటింగ్ రూములో ఒక పెద్దాయన నా సువార్త విని, మోకరించి రక్షణ పొందాడని చెబుతూ వచ్చాను. ఆయన మోకరించలేదు.

ఆయన తన రేకు పెట్టె మూత మీద పది వేళ్ళతో పియానో వాయించుకుంటున్నాడు. ఎడమచేయి నిదానంగా నడుస్తుంటే కుడిచేయి పరుగెత్తేది. స్వరమే వినిపించని ఆ వాయింపు ఆగగానే గది బోసిపోయినట్టయింది. అది ఒప్పుకోవడం ఇష్టంలేక సువార్త కరపత్రం అందించాను.

"లోక సంగీతం నరకానికి దారండీ. మీరు రక్షణ పొందారా?"

ఆయన నవ్వాడు. "మిషన్ బళ్ళో నాకిది నేర్పిన దొరసానమ్మ, తప్పు వాయిస్తే కొట్టేది కాదు బాబూ. మళ్ళీ మొదట్నుంచి వాయించమనేది. ప్రభువు కూడా నాతో అంతే. కూర్చో, ఇందాక ఒకచోట తప్పాను, మళ్ళీ వాయిస్తా."

నేను కూర్చోలేదు. సంఘంలో మాత్రం ఆయన్ని మోకాళ్ళ మీద నిలబెట్టాను. అందరూ స్తోత్రం అన్నారు.

వచ్చే ఆదివారం సాక్ష్యం నాదే. ఈసారి ఎవరూ స్తోత్రం అనకపోవచ్చు. అయినా మళ్ళీ మొదట్నుంచి చెబుతాను.